బెంచీ లేదన్నారు

మా వృత్తిలో ఒక మాట ఉంది. ‘బెంచీ లేదు’ అంటాం. ట్రిబ్యునల్లో కేసులు వినాల్సిన సభ్యుడి పదవి ఖాళీగా పడి ఉంటే, ఆ సంగతంతా ఈ రెండు ముక్కల్లో చుట్టేసి చెప్పేస్తాం. కక్షిదారులకు ఫోన్ చేసి, బెంచీ లేదమ్మా, వాయిదా పడింది అంటాం. వాళ్లు సరేనంటారు. మేము ఇంటికి పోయి అన్నం తింటాం. అది ఎంత దొంగమాటో నాకు తెలియడానికి మా మేనత్త ఒక బెంచీని ఆటోలో వేసుకొని రావాల్సి వచ్చింది.

మేనత్త అంటే మా నాయన సొంత చెల్లెలు. ఆదోని వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్లయిన కొన్నేళ్లకే మామ పోతే, పిల్లాజెల్లా లేని ఆడమనిషి ఎవరి పంచనా చేరకుండా కర్నూలుకు వచ్చి, ప్రభుత్వ బాలికల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. నేను లా చదివే రోజుల్లో ఆదివారం ఆమె దగ్గరికి పోతే జొన్నరొట్టె, శెనక్కాయ పొడి పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. హాస్టల్ పిల్లల దగ్గరా అంతే. జ్వరం వచ్చిన పిల్లకు వేరుగా గంజి కాచి, తాగేదాకా గిన్నె పట్టుకొని నిలబడేది. నోరు మాత్రం పెద్దది. మా వంశంలో ఆడవాళ్లందరికీ నోరు పెద్దదే, నాకూ అదే వచ్చింది.

మా వైపు పెళ్లిళ్లలో వంటసరుకులు పెట్టే గదిని ఉగ్రాణం అంటారు. బియ్యం, నెయ్యి, బెల్లం, నూనె డబ్బాలు అన్నీ అందులోనే. దాని తాళంచెవి ఎవరికంటే వాళ్లకివ్వరు. బంధువుల్లో చేయి శుద్ధంగా ఉండే మనిషిని ఎంచి, పెళ్లికి ముందురోజు పిలిచి చేతిలో పెడతారు. మా వాళ్ల పెళ్లిళ్లన్నిటికీ ఆ తాళంచెవి మా మేనత్త కొంగుకే ఉండేది. ఆ రెండు రోజులూ ఆమె నడక చూడాలి. పెళ్లికొడుకు తల్లి కూడా అంత దర్జాగా నడిచేది కాదు.

ఆ నోరే ఆమె కొంప ముంచింది. హాస్టలుకు వచ్చే కందిపప్పు తక్కువొస్తోందని, వచ్చిన దాంట్లో కూడా పురుగులున్నాయని, తనిఖీకి వచ్చిన అధికారి ముందే వార్డెన్‌ను అడిగేసింది. ఆ తరువాత కొన్నాళ్లకే ఆమె సంచిలో నూనె ప్యాకెట్లు దొరికాయన్నారు. సంచి ఎవరు వెతికారు, చూసిందెవరు అంటే జవాబు లేదు. విచారణ లేదు, సంజాయిషీ అడిగిందీ లేదు. దొంగతనం చేసినందువల్ల ఉద్యోగంలోంచి తీసేశామని ఒక కాగితం చేతికిచ్చి గేటు బయటికి పంపారు. ఇన్నేళ్లు వండి పెట్టిన పిల్లలు కిటికీల్లోంచి చూస్తుండగా పంపారు.

అప్పుడు కూడా ఆమె ఏడవలేదు. ఏడ్చింది ఆ ఏడాది నందికొట్కూరులో మా బంధువుల పెళ్లికి పోయినప్పుడు. ఎప్పటిలాగే ముందురోజే పోయింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, నేరుగా ఉగ్రాణం దిక్కు నడిచింది. పెళ్లికూతురి తల్లి తాళంచెవిని తన నడుముకే దోపుకొని, నువ్వు కూర్చో వదినా, పనికి పిల్లోళ్లు ఉన్నారు అనింది. మర్యాదగానే అనింది. మేనత్త కూర్చుంది. పెళ్లయ్యేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. తిరుగుబస్సులో నా పక్కన కూర్చొని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

“నాకు దుడ్లు వద్దు పాపా,” అనింది కాసేపటికి. “నేను దొంగను కాదని కాగితం మీద రాయించు. రిటైరయ్యేలోపల ఒక్క దినమన్నా ఆ గేట్లోంచి లోపలికి పోవల్ల. ఆ పొయ్యి ముట్టించి, పిల్లోళ్లకు వండిపెట్టి, నా అంతట నేను బయటికి రావల్ల. అంతే.”

ఆమె కోరింది అదొక్కటే. నేను కేసు వేశాను. ప్రభుత్వ ఉద్యోగుల కేసులు ముందు ట్రిబ్యునల్‌కే పోవాలి. నేరుగా హైకోర్టుకు పోతే, అమ్మా, ముందు అక్కడికి పోయి రా అని వెనక్కి పంపుతారు. కర్నూల్లో ఆ ట్రిబ్యునల్‌కు ఒక అద్దె భవనం, ఒక పెద్ద బోర్డు, లోపల ఒకే ఒక్క సభ్యుడు. ఆయన ఓపిగ్గానే విన్నాడు. విచారణ లేకుండా తీసేశారా అని ప్రభుత్వ వకీలును రెండుమూడు సార్లు అడిగాడు. ఆ వకీలు కాగితాలు తిరగేస్తూనే ఉన్నాడు. వాదనలు పూర్తయ్యాయి, తీర్పు తరువాత చెబుతామన్నారు. మేనత్త ఆ సాయంత్రమే పోయి కొత్త నేతచీర కొనుక్కుంది, హాస్టల్లోకి పోయేటప్పుడు కట్టుకోవడానికి.

తీర్పు చెప్పకముందే ఆయన పదవీకాలం అయిపోయింది. ఫలానా రోజుకు అయిపోతుందని ప్రభుత్వానికి ఆయన చేరిన రోజు నుంచే తెలుసు. వేరే మనిషిని సిద్ధం చేసుకోవచ్చు, కొత్తవాళ్లు వచ్చేదాకా ఆయననే ఉండమనొచ్చు. రెండూ చేయలేదు. ఆయన దండ వేయించుకొని ఇంటికి పోయాడు. మా తీర్పు ఆయన తలకాయలోనే ఉండిపోయింది. కొత్త సభ్యుడు వస్తే వాదనలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. వాయిదా రోజు వేరే కోర్టులో పని ఉండి, తొందరలో మేనత్తకు ఫోన్ చేసి, బెంచీ లేదత్తా, ఈ తూరి జరగదు అన్నాను. ఓహో అనింది. పెట్టేసింది.

ఆ పై వాయిదాకు నేను ట్రిబ్యునల్ మెట్లెక్కుతుంటే పైన నవ్వులు వినిపించాయి. పోయి చూస్తే వరండాలో మేనత్త చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఆమె పక్కన బెంచీ. మా తాత చేయించిన వేపచెక్క బెంచీ. పుట్టింటి నుంచి ఆమెకు దక్కిన వస్తువు అదొక్కటే. కల్లూరులో తను ఉండే గది ముందర వేసుకొని, సాయంత్రాలు దాని మీద కూర్చొని బియ్యం ఏరుకునేది. దాన్ని షేర్ ఆటో మీదికెక్కించి, తాడుతో కట్టించి, ఆటో అబ్బాయిని బతిమాలి పైదాకా మోయించుకొని వచ్చింది. కొత్త నేతచీర కట్టుకుంది.

ఆఫీసు సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. మేనత్త అతణ్నే అడుగుతోంది. “బెంచీ లేదంటిరంట కదప్పా. తెచ్చినా. యాడ వెయ్యమంటావు?”

ఇద్దరు కుర్ర వకీళ్లు ఫోన్లు తీసి వీడియో పడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్లు లోపల పెడతారా, మెట్ల మీద నుంచి కిందికి విసిరెయ్యనా అన్నాను. పెట్టేశారు. సూపరింటెండెంటును మీకేం నవ్వొచ్చిందండీ అని అడిగాను. ఏం లేదు మేడం, పాపం, అమాయకురాలు అన్నాడు. అమాయకురాలట! కేసు నడవాలంటే ఏది తక్కువైందో కనుక్కొని, తన ఇంట్లో ఉన్నది మోసుకొచ్చిన మనిషి మా జిల్లా మొత్తానికి ఆమె ఒక్కతే. తెచ్చి పెట్టాల్సిన వాళ్లు రాజధానిలో ఏసీ గదుల్లో కూర్చొని ఉన్నారు.

ఆమెను పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఆ బెంచీ మీదనే, ఎందుకంటే వరండాలో కక్షిదారులు కూర్చోవడానికి ఇంకేమీ లేదు. బెంచీ అంటే ఇది కాదత్తా, కేసు వినే పెద్దమనిషిని మేము అట్లా అంటాం, ఆ పదవిలో ఇప్పుడు ఎవరూ లేరు అని చెప్పాను. సిగ్గుపడుతుందనుకున్నాను. ఆమె మొహంలో సిగ్గు లేదు.

“మనిషిని పెట్టలేదని చెప్పల్ల కదా పాపా,” అనింది. “బెంచీ లేదంటారేం? బెంచీ లేదంటే ఎవరి తప్పూ కాదు. మనిషిని పెట్టలేదంటే, పెట్టకుండా ఉండేటోడు యాడో ఒకడు ఉండాడు కదా.”

పోతూపోతూ బెంచీని ఆమె తీసుకుపోలేదు. వచ్చినోళ్లు కూర్చుంటారులే, మనిషిని పెట్టేదాకా ఈడనే ఉండనీ అనింది. సూపరింటెండెంటు కూడా సరేనన్నాడు, అతనికి పోయేదేముంది.

ఆ రోజు నుంచి నేను ఆ ‘యాడో ఒకడు’ ఎవడా అని వెతకడం మొదలుపెట్టాను. పద్ధతేమిటంటే, ఈ సభ్యుణ్ని ప్రభుత్వం తన ఇష్టమొచ్చినట్టు వేయడానికి లేదు. అక్కడి కేసులన్నీ ప్రభుత్వం మీదే కాబట్టి, న్యాయమూర్తి అధ్యక్షతన ఒక ఎంపిక కమిటీ కూర్చుంటుంది. దరఖాస్తులు చూస్తుంది, మనుషులను పిలిచి మాట్లాడుతుంది, తగినవాళ్ల పేర్లు రాసి పంపుతుంది. ప్రభుత్వం చేయాల్సిందల్లా ఉత్తర్వు ఇవ్వడం. మా అదృష్టం కొద్దీ కమిటీ తొందరగానే కూర్చుంది. కడప జిల్లాకు చెందిన ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి పేరు మా చోటుకు సిఫారసు చేసిందని బార్‌లో అందరికీ తెలిసిపోయింది. నిక్కచ్చి మనిషని పేరు. నేను సంబరపడి మేనత్తకు చెప్పాను, మనిషి దొరికినాడత్తా అని. ఆమె చీర ఉతికి ఇస్త్రీకి ఇచ్చింది.

పేరు ప్రభుత్వానికి పోయింది, ఉత్తర్వు రాలేదు. ఎండాకాలం పోయింది, వానలు రావాల్సిన కాలం కూడా పోయింది, ఉత్తర్వు రాలేదు. సమాచార హక్కు కింద అడిగితే, విషయం పరిశీలనలో ఉన్నందువల్ల సమాచారం ఇవ్వడం కుదరదన్నారు. ఏం పరిశీలిస్తున్నారయ్యా? న్యాయమూర్తులు కూర్చొని, చూసి, మాట్లాడి, తూచి పంపిన పేరును మళ్లీ మీరేం తూస్తారు? ఆయన మీద ఫిర్యాదు ఉంటే చెప్పండి. ఆయన పనికిరాడంటే ఎందుకో రాసి కమిటీకి తిప్పి పంపండి. ఏదీ చేయరు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. కూర్చుంటే వాళ్లకు నష్టమేముంది? ఎవరి మీద కేసు వేశామో వాళ్లే కేసు వినే మనిషిని వేయకుండా ఆపుతున్నారు. కేసు విననంతకాలం వాళ్లు గెలిచినట్టే. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇంత సులువైన గెలుపు నేను ఇంకోటి చూడలేదు.

ఈలోగా ఇంకో విచిత్రం. ఒకవేళ అవసరమైతే పనికొస్తాయని కమిటీ జాబితా కింద రాసిపెట్టిన పేర్లలోంచి ఒకాయనను తీసి ఇంకో ఊరి ట్రిబ్యునల్‌కు వేశారు. పైన ఉన్న మా జడ్జిగారిని వదిలేశారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. పెళ్లి విందులో వడ్డించేవాడు మన ముందున్న విస్తరి వదిలేసి అవతలి విస్తరిలో వేసిపోతే ఎంత మంటగా ఉంటుందో అంత మంటగా అనిపించింది. ఆ తరువాత కొన్నాళ్లకు మా చోటుకు కొత్తగా దరఖాస్తులు పిలుస్తూ ప్రకటన వచ్చింది. అంటే జరిగిన ఎంపికను అటకెక్కించేసి, మళ్లీ మొదటి నుంచి అన్నమాట. ఆ ప్రకటన చదివిన రోజు నా కోపమంతా ఇంట్లో గిన్నెల మీద పడింది.

మరుసటి మామిడికాయల కాలంలో ఒకసారి బనగానపల్లె కోర్టులో పని పడి పోయినప్పుడు, ఆ జడ్జిగారు అక్కడే తన మామిడితోటలో ఉంటున్నారని తెలిసి వెళ్లాను. పెద్దాయన చెట్టుకింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాయలు కోసి ఇచ్చారు. నేను ఊరుకోలేక, మీరెందుకు అడగరు సార్, మీ పేరును వాళ్లు సొరుగులో పెట్టుకొని కూర్చుంటే అని నిలదీశాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

“అడిగితే, ముసలాయన పదవి కోసం తిరుగుతున్నాడంటారమ్మా,” అన్నారు. “మేము అడగమని వాళ్లకు తెలుసు. ఆ ధైర్యంతోనే కదా ఊరుకున్నారు.”

మళ్లీ దరఖాస్తు పెట్టమని బతిమాలాను. పెట్టనన్నారు. ఆయన మీద కూడా కోపం వచ్చింది, తోట దాటి రోడ్డెక్కేసరికి పోయింది. ఆయనిచ్చిన మామిడికాయలు మేనత్తకు ఇస్తే, ఎవరిచ్చారని అడిగింది. నీ కేసు వినాల్సిన ఆయనే ఇచ్చాడని చెప్పలేకపోయాను.

అసలు భయం నాకు వేరే ఉంది. రిటైర్మెంటు తేదీ. మేనత్త ఎప్పుడు పుట్టిందో మా నాయనకే తెలియదు. గొర్రెలకు రోగం వచ్చిన ఏడు పుట్టిందనేవాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆఫీసులో ఎవరో గుమస్తా ఆమె మొహం చూసి, తోచిన తేదీ ఒకటి రాసేశాడు. ఆ తేదీ ప్రకారం ఆమె రిటైరయ్యే రోజు దగ్గరికొచ్చేసింది. దాటిందంటే, కేసు గెలిచినా ఆ గేట్లోంచి ఉద్యోగిగా లోపలికి పోయే దారి లేదు. ఒక సంతకానికి ఎన్ని నెలలైనా తేదీ దొరకని ప్రభుత్వానికి, మా మేనత్త ముసలిదైపోయే తేదీ మాత్రం దినంతో సహా రాసిపెట్టుకోవడం వచ్చింది. నేను హైకోర్టుకు కూడా పోయాను, ఖాళీని నింపమని. నింపుతున్నాం, ప్రక్రియ నడుస్తోంది అని ప్రభుత్వం చెప్పింది. ఆ ముక్కతో వాయిదా మీద వాయిదా తెచ్చుకుంది.

ఆ తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు మేనత్త మా ఇంటికి వచ్చి, ఊరికే వచ్చినా పాపా అని, సాయంత్రందాకా మా వంటింట్లో ఉగ్గాని చేసి, బజ్జీలు వేసి, మా పిల్లలకు పెట్టి పోయింది. నేనూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తరువాత, చింతచెట్లు పూసే కాలానికి, ఎవరినో వేశారు. ట్రిబ్యునల్ ముందర షామియానా వేశారు. పూలగుచ్ఛాలు, ఫోటోలు, న్యాయం ప్రజల గడప దగ్గరికి వచ్చిందని ఒక పెద్దమనిషి ప్రసంగం. ఫోటోల్లో బాగుండదని మేనత్త బెంచీని వరండాలోంచి తీసి బాత్రూముల పక్కన పెట్టారు. మర్నాడు కక్షిదారులే దాన్ని మళ్లీ ముందుకు లాక్కున్నారు.

మా కేసు పిలిచేసరికి మేనత్త నా వెనకే నిలబడి ఉంది. అదే నేతచీర. కొత్తాయన చెడ్డవాడు కాదు, అదే నాకు ఇంకా మంట. ఆయన బల్ల మీద ఇన్నాళ్ల కేసులన్నీ కొండలాగ పేరుకొని ఉన్నాయి. మా కాగితాలు రెండు నిమిషాలు చూశాడు. దరఖాస్తుదారు రిటైర్మెంటు వయసు దాటిపోయింది కదా, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న కోరికకు ఇంక అర్థం లేదన్నాడు. మిగతావి ఏమన్నా ఉంటే శాఖకు వినతి పెట్టుకోవచ్చు, వాళ్లు పరిశీలిస్తారన్నాడు. పరిశీలిస్తారట! నేను గొంతు పెంచాను. ఉద్యోగం కాలం దాటిందేమో, దొంగ అన్న ముద్రకు కాలం దాటలేదు, అది ఇంకా ఈమె నెత్తి మీదనే ఉంది, ఆ ఒక్కటీ తేల్చండి అన్నాను. ఆయన బల్ల మీది కొండను చూశాడు, నన్ను చూశాడు. కేసు ముగిసిందని రాయించేశాడు. తరువాతి కేసు పిలిచారు.

బయటికి వచ్చాం. ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు.

“నేను దొంగనా కాదా అని ఏమన్నా రాసినారా పాపా?”

“లేదత్తా. ఏమీ రాయలేదు.”

“మరి ఇన్ని దినాలూ దేనికి ఎదురు చూస్తిమి?”

హైకోర్టుకు పోదాం, వదిలిపెట్టను, అక్కడ తేల్పిస్తాను అని ఏదేదో మాట్లాడాను. ఆమె వినలేదు. వరండాలో బెంచీ దిక్కు నడిచింది. దాని మీద ముగ్గురు కూర్చొని ఉన్నారు, ఒళ్లో కేసు కాగితాల సంచులు పెట్టుకొని. సూపరింటెండెంటు ఏం పెద్దమ్మా, అయిపోయిందా అని పలకరించాడు.

“అయిపాయప్పా,” అనింది మేనత్త. “మీ బెంచీ వచ్చింది కదా. ఇంగ నాది నేను తీసుకపోతా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు, ఫోన్లు తీయలేదు. కూర్చున్న ముగ్గురూ లేచి గోడకు ఆనుకొని నిలబడ్డారు. ఆమె కొంగు నడుముకు బిగించి ఒక కొస ఎత్తింది. నేను నల్లకోటుతోనే రెండో కొస పట్టుకొని, ఆమె వెనక మెట్లు దిగాను.